నా మెషీన్లో బానే నడుస్తోంది!

ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్‌ది ఆదిలాబాద్ వైపు. వాడికీ, వాళ్ళ చెల్లికీ సికిల్ సెల్ జబ్బుంది. వీడు మాతో సమానంగా క్రికెట్ ఆడేవాడు. ఆ పిల్లేమో ఏడాదికి నాలుగైదుసార్లు ఒళ్ళు నొప్పులతో ఆసుపత్రి పాలయ్యేది. "అన్నకి లేని నొప్పి దీనికెక్కడిది? బడి ఎగ్గొట్టే వేషాలు" అనేవారట ఇంట్లో. వాడు చెప్తే నేనూ నవ్వాను. టెస్టర్ బగ్ చూపిస్తే "నా మెషీన్లో బానే నడుస్తోంది" అంటాం చూడండి, సరిగ్గా అదే.

ఈ మధ్య ఈ జబ్బు చరిత్ర చదివాక సిగ్గేసింది.

1910లో షికాగో డాక్టరు జేమ్స్ హెరిక్, గ్రెనడా నుంచొచ్చిన ఓ విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాల గురించి రాశాడు. 1956-57లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ అసలు బగ్ పట్టుకున్నాడు: హిమోగ్లోబిన్ గొలుసులో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్. అంతే తేడా!

మరి బగ్ ఒకటే అయితే బాధ కూడా ఒకేలా ఉండాలి కదా?

దీనికి క్లూ 1948లోనే దొరికింది. పసిపిల్లల్లో కొన్ని నెలలదాకా జబ్బు బయటపడకపోవడానికి కారణం, తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఇంకా మిగిలుండటమే అని బ్రూక్లిన్ డాక్టరు జానెట్ వాట్సన్ ఊహించింది. అంటే పాత వెర్షన్ అన్నమాట. బగ్ ఉన్నది కొత్త వెర్షన్లో. పాతది ఎంత ఎక్కువ మిగిలితే కణాలు అంత తక్కువగా వంకర తిరుగుతాయి. మన పక్కనున్న ఒడిశా రోగుల్లో ఇది జమైకా రోగుల్లో కంటే ఎక్కువని 1986లో ఒక పరిశోధన తేల్చింది.

పాత వెర్షన్ని ఆపేసే స్విచ్చు బీసీఎల్11ఏ అనే జన్యువని 2008లో బోస్టన్‌లో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ బృందం చూపించింది. ఆ స్విచ్చుని దెబ్బతీసే క్యాస్‌జెవీ చికిత్సకి 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు! పాత వెర్షన్ని కాస్త పెంచే హైడ్రాక్సీయూరియా మాత్ర మాత్రం చవకే.

అసలు విషయమేంటంటే, సికిల్ జన్యువుండేది 11వ క్రోమోజోమ్‌లో, స్విచ్చుండేది 2వ దాంట్లో. అన్నాచెల్లెళ్ళకి బగ్ ఒకేలా వచ్చినా, స్విచ్చు ఒకేలా రావాలని లేదు.

మొన్న వాడికి ఫోన్ చేసి పాత రిపోర్టులు తీయమన్నాను. పాత హిమోగ్లోబిన్ వాడికి 22 శాతం, చెల్లికి 7. ఆ అంకె మొదట్నుంచీ కాగితం మీదే ఉంది. మేమెవరం చూడలేదు.