ఖాళీ కంప్యూటర్ల సేవ: చేరేవారు, మానేవారు

ఒక పెద్ద లెక్కను లక్షల ముక్కలు చేసి, ఇళ్లలో ఊరికే ఉన్న కంప్యూటర్లకు ఇంటర్నెట్ ద్వారా పంచి, వచ్చిన జవాబులను ఒకచోట కూర్చే పద్ధతిని పంపిణీ కంప్యూటింగ్ అంటారు. ఇందులో పాల్గొనేవారికి జీతం లేదు, ఒప్పందం లేదు. ఇష్టమైనప్పుడు చేరవచ్చు, వద్దనుకున్నప్పుడు మానవచ్చు. దీని బలమూ బలహీనతా అదే.

1996లో మొదలైన గింప్స్ మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతుకుతుంది. 2024 అక్టోబరులో ఇందులోని ఒక స్వచ్ఛంద సేవకుడికి 4,10,24,320 అంకెల సంఖ్య దొరికింది. అన్య గ్రహవాసుల రేడియో సంకేతాల కోసం బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1999 మే 17న ప్రారంభించిన సెటీ ఎట్ హోమ్‌లో 50 లక్షల మందికి పైగా చేరారు. ఏ రోజు చూసినా పనిచేస్తున్నవారు మాత్రం అందులో కొద్ది భాగమే. 2020 మార్చి 31న అది కొత్త పని పంపడం ఆపింది.

మానేవారిలో అందరూ విసుగుతో మానరు. పాత కంప్యూటర్ మూలపడుతుంది, కొత్తదానిలో ప్రోగ్రామ్ పెట్టడం మరచిపోతారు. కరెంటు బిల్లు, వేడి, ఫ్యాన్ చప్పుడు మరికొందరిని ఆపుతాయి. తమ కంప్యూటర్ చేసిన పని ఏమైందో తెలియకపోతే ఆసక్తి తగ్గుతుంది. పని మరీ పొడవైనా కష్టమే. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2003లో మొదలుపెట్టిన వాతావరణ ప్రాజెక్టులో ఒక్క ముక్కకే నెలలు పట్టేది. అందుకే మధ్యమధ్య ఫలితాలను తీసుకుని, అంతవరకు జరిగిన పనికి పాయింట్లు ఇచ్చేవారు.

తప్పు కొన్నిసార్లు నిర్వాహకుల వైపు కూడా ఉంటుంది. 2020లో కోవిడ్ పరిశోధన కోసం ఫోల్డింగ్ ఎట్ హోమ్‌కు జనం వెల్లువెత్తారు. సర్వర్లు అందరికీ పని అందించలేక చాలామంది కంప్యూటర్లు ఎదురుచూశాయి. ఐబీఎం 2004లో ప్రారంభించిన వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ 2021లో టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థకు మారింది. ఆ మార్పిడిలో 2022లో కొన్ని నెలలు పని నిలిచిపోయింది. అలా ఆగినప్పుడు వెళ్లినవారందరూ తిరిగి రారు.

ఎవరు ఎప్పుడు మానేస్తారో తెలియదు కాబట్టి ప్రతి ముక్కకూ గడువు పెడతారు. గడువు దాటితే దాన్ని మరొకరికి పంపుతారు. తప్పులు పట్టుకోవడానికి చాలా ప్రాజెక్టులు ఒకే ముక్కను ఇద్దరికి ఇచ్చి జవాబులు సరిపోలుస్తాయి. ఒకరు చెప్పకుండా వెళ్లిపోతే, తన వంతు ముగించిన రెండోవారి జవాబూ అంతవరకు తేలదు.

మన ఇళ్లలో పిల్లలు ఇందులో చేరాలనుకుంటే మేము చెప్పేది ఇదే. బ్యాటరీ మీద కాక ప్లగ్ పెట్టినప్పుడే, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడే నడిచేలా అమర్చుకోండి. మొదటి నెల కరెంటు బిల్లు చూసుకోండి. మానాలనిపిస్తే మానవచ్చు, అందులో నామోషీ లేదు. అయితే ముందుగా కొత్త పని తీసుకోవడం ఆపి, చేతిలో ఉన్నది ముగించండి. కుదరకపోతే దాన్ని రద్దు చేసి, ఆ సమాచారం సర్వర్‌కు చేరాకే ప్రోగ్రామ్ తీసేయండి. అప్పుడు ఆ ముక్క గడువు దాకా ఆగకుండా వెంటనే మరొకరికి అందుతుంది.