వైశ్వానరుడు, కషాయము, కరవు సీమ

భగవద్గీత పదునైదవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ, తాను వైశ్వానరాగ్నిగా ప్రాణుల దేహములను ఆశ్రయించి, ప్రాణాపానములతో కూడి చతుర్విధాన్నమును పచనము చేయుదునని పలికినాడు. ఆ అగ్నిని బృహదారణ్యకోపనిషత్తు పురుషుని అంతరముననే చూపినది. చెవులు మూసుకొన్నప్పుడు వినబడు ఘోష దానిదేనని చెప్పినది. అజీర్ణమునకు మన ఇండ్లలో కాచు శొంఠి కషాయము ఆ అగ్నికి చేయు ఉపచారమే.

చరకసంహిత సూత్రస్థానము నాలుగవ అధ్యాయము దీపనీయములైన పది ద్రవ్యములను పేర్కొన్నది: పిప్పలి, మోడి, చవ్యము, చిత్రమూలము, శొంఠి, అమ్లవేతసము, మిరియము, అజమోదము, నల్లజీడి గింజ, ఇంగువ. ఓషధిని స్వరసము, కల్కము, శృతము, శీతము, ఫాంటము అను ఐదు విధములుగా సిద్ధపరచవచ్చునని కూడ అక్కడనే ఉన్నది. వేడినీట చూర్ణము వేసి పిసికి వడగట్టినది ఫాంటము. నేటి టీ ఆ కోవలోనిదే, ఆకు మాత్రము వేరు. శార్ఙ్గధరుడు మరికొంత సూక్ష్మముగ, అగ్నిని రగిల్చునది దీపనమనియు, ఆమమును పక్వము చేయునది పాచనమనియు విడదీసినాడు. సోపు మొదటిదానికి, నాగకేసరము రెండవదానికి ఉదాహరణములు. చిత్రమూలము రెండు పనులును చేయును. వంటింటి వైద్యము ఇంత భేదమును పాటింపదు, పాటింపవలసిన పనియు లేదు.

ఇక బెళుగుప్ప. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురము జిల్లాలోని మెట్టసీమ అది. మిరియము, పిప్పలి తడి అడవుల పంటలు; ఇచటికి అవి సంత దారిన రావలసినవే. సీమ నల్లరేగడులలో వానపంటగ నిలిచినవి ధనియాలు, వాము. ఆకలి పుట్టించు ఓషధులు సరే, ఆకలియే అధికమైన నేలపై వాటికి ప్రయోజనమేమి?

1876-78 నాటి ధాత కరవున ఈ ప్రశ్న ప్రాణముల మీదికి వచ్చినది. అప్పటికి అనంతపురము జిల్లా లేదు. ఇది బళ్లారి జిల్లాలోని భాగము, 1882లో విడివడినది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, అనగా సుమారు 450 గ్రాములను, కొద్దిపాటి కాసును మాత్రమే నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ దానిని ఎదిరించెను. శిబిరములలో అతిసారము, గ్రహణి అనేకులను బలిగొన్నవి. చిరకాలము పస్తులున్న ఉదరము దొరికిన అన్నమును సైతము నిలుపుకొనలేకపోయినది.

అష్టాంగహృదయమున వాగ్భటుడు ఈ గతిని ఏనాడో వర్ణించినాడు. అగ్ని మొదట ఆహారమును పచనము చేయును; ఆహారము లేనిచో దోషములను, అవి క్షీణించినచో ధాతువులను, ధాతువులు క్షయించినచో ప్రాణమునే దహించును. ఇంధనము లేని అగ్నిని కషాయముతో రగిల్చుట వైద్యము కానేరదు.

అందుకే, నా దృష్టిలో, సూత్రస్థానము నాలుగవ అధ్యాయము కన్న దానికి ముందున్న రెండవ అధ్యాయము ఈ సీమకు దగ్గరిది. అందు చరకుడు యవాగువులను, అనగా గంజులను, చెప్పినాడు. పిప్పలి, మోడి, చవ్యము, చిత్రమూలము, శొంఠి వేసి కాచిన యవాగువు దీపనము, శూలహరము. ఇచట ఓషధి అన్నము నుండి వేరుగ లేదు. శోధనానంతరము క్షీణించిన అగ్నికి కూడ మొదట పేయ, పిదప విలేపి, ఆ పిదపనే ఘనాహారము విధింపబడినవి. జొన్న అంబలిలో జీలకర్రయో వామో నూరి కలిపి, ఉపవాసము విడిచినవానికి మొదట పలుచగా, మరునాడు చిక్కగా ఇచ్చుట ఆ క్రమమే.