పడక దగ్గరకే నోటరీ, సబ్-రిజిస్ట్రారు సేవలు (గాంధీ గంజ్, బీదర్)

ఆసుపత్రిలోనో వృద్ధాశ్రమంలోనో మంచం పట్టి కదలలేని మనిషి దగ్గరకే నోటరీ గానీ సబ్-రిజిస్ట్రారు గానీ వెళ్లి, దస్తావేజు మీద సంతకాన్ని ధ్రువీకరించడం లేదా దాన్ని రిజిస్టరు చేయడం ఈ సేవ. అమెరికాలో దీన్నే వృత్తిగా చేసుకుని ఆసుపత్రులు తిరిగే నోటరీలున్నారు. వర్జీనియా రాష్ట్రం 2012 జూలై నుంచి నోటరీ ధ్రువీకరణను వీడియో ద్వారా కూడా అనుమతిస్తోంది. మన చట్టాల్లో ‘మొబైల్ నోటరీ’ అనే వర్గం వేరే లేదు. అయితే రోగి దగ్గరకు అధికారి వెళ్లే ఏర్పాటు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. అది తెలియకనే సెలైన్ పెట్టిన మనిషిని అంబులెన్సులో రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల దాకా తీసుకొస్తారు. ఆ యాతన పెట్టనక్కర్లేదు.

గాంధీ గంజ్ బీదర్ పట్టణంలోని ధాన్యం, పప్పుదినుసుల వ్యాపారపేట. 1956 నవంబరు 1 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఆ రోజున అప్పటి మైసూరు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు మారినా జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు వియ్యాలు, పొలాలు అలాగే ఉన్నాయి. అందుకే ఇక్కడి తెలుగు కుటుంబానికి చిక్కు ఒక ఊరితో పోదు. కొట్టు కర్ణాటకలో, చేను తెలంగాణలో ఉంటాయి. పెద్దాయన బీదర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో, సుమారు 140 కిలోమీటర్ల దూరాన హైదరాబాద్‌లోనో ఉంటాడు.

భూమి అమ్మకం, దానం వంటి దస్తావేజులను సాధారణంగా ఆ భూమి ఉన్న సబ్-రిజిస్ట్రారు పరిధిలో రిజిస్టరు చేయాలి. వీలునామాకు ఈ కట్టుబాటు లేదు. రాసిన మనిషి దాన్ని ఏ సబ్-రిజిస్ట్రారుకైనా ఇవ్వవచ్చు. ప్రత్యేక కారణం చూపితే అధికారి ఇంటికే వచ్చి దస్తావేజు స్వీకరించవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. ఆఫీసుల్లో దీన్నే ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. జబ్బు వల్ల కదిలితే ప్రమాదమైన వారికి హాజరు నుంచి 38వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. అలాంటి వారి దగ్గరకు అధికారి తానైనా వెళ్లాలి, లేదా విచారణకు కమిషన్‌నైనా పంపాలి. జహీరాబాద్ పొలం విషయమై బీదర్‌లో మంచాన ఉన్నవారికి దగ్గరి దారి 33వ సెక్షన్‌లో ఉంది. రోగి నివసించే చోటి సబ్-రిజిస్ట్రారు ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీతో కొడుకో కూతురో జహీరాబాద్ వెళ్లి పని పూర్తిచేయవచ్చు.

భాష సంగతి ముందే చూసుకోవాలి. అధికారికి రాని భాషలో, ఆ జిల్లాలో సాధారణంగా వాడుకలో లేని భాషలో దస్తావేజు ఉంటే, అనువాదం జతచేయనిదే రిజిస్టరు చేయకూడదని 19వ సెక్షన్. తెలుగులో రాయించిన కాగితానికి కన్నడ అనువాదం, నకలు సిద్ధంగా ఉంచుకుంటే ఒక పూట వృథా కాదు. ఆసుపత్రిలో ఒక పూట చాలా పెద్దది.

మంచం దగ్గర జరిగే పనిలో ముద్ర వేయడం చిన్న భాగం. మనిషి స్పృహలో ఉన్నాడా, ఏం రాయిస్తున్నాడో తెలుసా, ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా అన్నదే అసలు పరీక్ష. లాభం పొందే బంధువులను కాసేపు గది బయట ఉంచడం మంచి పద్ధతి. పేరు, ఆస్తి, ఎవరికి ఇస్తున్నదీ రోగి నోటితోనే చెప్పించాలి. కాగితాన్ని ఆయనకు వచ్చిన భాషలో చదివి వినిపించాలి. సంతకం కుదరకపోతే వేలిముద్ర తీసుకుంటారు. ఎడమ చేతికి సూది, ప్లాస్టరు ఉండి బొటనవేలు అందకపోతే వేరే వేలి ముద్ర తీసుకుని, అది ఏ వేలిదో, ఎందుకు మార్చారో కిందే రాయాలి. ‘చికిత్సలో ఉన్నారు’ అన్న డాక్టరు చీటీ చాలదు. ఫలానా తేదీన, ఫలానా గంటకు రోగి తెలివిగా మాట్లాడుతున్నాడని, మత్తుమందు ప్రభావంలో లేడని రాయించుకోవాలి.

వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలని 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ నియమం. ముస్లింలకు ఇది వర్తించదు. వారి వీలునామా సాధారణంగా ఆస్తిలో మూడోవంతు దాటకూడదు. వైద్యం చేసిన డాక్టరే ఒక సాక్షి అయితే అంతకన్నా బలం లేదు. మైసూరు ప్రాంతం నుంచి వెళ్లిన వెంకటాచల అయ్యంగార్ కేసులో 1958లో సుప్రీంకోర్టు, అనుమానించే పరిస్థితులున్న వీలునామాలో ఆ అనుమానాలను తొలగించే బాధ్యత దాన్ని ముందుకు తెచ్చినవారిదేనని తేల్చింది. ఆఖరి రోజుల్లో రాసిన వీలునామాల తగాదాల్లో నేటికీ ఆ తీర్పునే ఉదహరిస్తారు.

నోటరీ అధికారం వేరు. 1952 నాటి నోటరీల చట్టం కింద అతను సంతకాన్ని ధ్రువీకరిస్తాడు, అఫిడవిట్‌కు ప్రమాణం చేయిస్తాడు, రిజిస్టరులో నమోదు చేస్తాడు. అతని గుండ్రటి ముద్ర 5 సెంటీమీటర్ల వ్యాసంతో ఉండాలి. అందులో అతనికి కేటాయించిన ప్రాంతం పేరు కూడా ఉంటుంది. బీదర్‌కు నియమితుడైన నోటరీని కారెక్కించి హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆ కాగితానికే చేటు. తన ప్రాంతంలో రోగి దగ్గరకు వెళితే ప్రయాణ ఖర్చు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఇంటిని నోటరీ కాగితం మీద దానమిస్తే సాధారణంగా అది చెల్లదు, దానపత్రం రిజిస్టరు కావాలి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) మీద జరిపే అమ్మకాలతో హక్కు బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా రోగి కన్నుమూస్తే మామూలు పవర్ ఆఫ్ అటార్నీ అక్కడితో ముగుస్తుంది.

బ్యాంకు ఖాతాలో డబ్బు తీయడానికే అయితే చాలాసార్లు నోటరీతో పనే లేదు. చేతి బొటనవేలి ముద్ర లేదా కాలివేలి ముద్ర ఉన్న చెక్కును ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలని, వారిలో ఒకరు బ్యాంకు అధికారి కావాలని రిజర్వు బ్యాంకు నిబంధన. గంజ్ వ్యాపారి కుటుంబం ముందుగా బ్యాంకు మేనేజరునే అడగడం మేలు.

వైద్యం గురించి ముందుగా రాసిపెట్టే లివింగ్ విల్‌కు సుప్రీంకోర్టు 2018 తీర్పు ప్రకారం మేజిస్ట్రేటు సంతకం అవసరమయ్యేది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టు దాన్ని సడలించి, ఇద్దరు సాక్షుల సమక్షంలో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలంది. కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరి 30న దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. రోగి కోమాలోకి జారిపోయాక మాత్రం ఏ నోటరీ, ఏ సబ్-రిజిస్ట్రారు వచ్చినా చేయగలిగింది లేదు. అప్పుడు కుటుంబం సంరక్షకుడి నియామకం కోసం హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది.