పుట్టిన తేదీ లేని వాళ్ళు

"అమ్మమ్మా, నువ్వెప్పుడు పుట్టావు?" అని అడిగి చూడండి. తేదీ చెప్పదు. "పోలీసు యాక్షన్ అప్పటికి చంకలో పిల్లని" అంటుంది ఒకావిడ. "పెద్దన్నయ్యకి తట్టు పోసిన ఏడు" అంటుంది ఇంకొకావిడ. బడిలో చేరిన పిల్లాడికి పంతులుగారు తనకి తోచిన తేదీ ఒకటి రాసేవారు. బడి మొహం చూడని ఆడపిల్లకి ఆ దొంగ తేదీ కూడా లేదు! దేశమంతటికీ వర్తించే జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో.

తేదీ లేకపోతే ఏం, మనిషి కళ్ళెదుట ఉంది కదా అనుకుంటాం. 2019 చివర్లో మాత్రం ఈ ప్రశ్న చాలా ఇళ్ళలో నిద్ర లేకుండా చేసింది.

ఆ డిసెంబరులో పార్లమెంటు పౌరసత్వ సవరణ చట్టం చేసింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపల వచ్చిన హిందువులకూ, సిక్కులకూ, బౌద్ధులకూ, జైనులకూ, పార్సీలకూ, క్రైస్తవులకూ పౌరసత్వం సులువు చేసింది. ఆ వరుసలో ముస్లిముల పేరు లేదు. అక్కడ మతం పేరిట బాధలు పడ్డ మైనారిటీల కోసమే ఈ చట్టమనీ, ఇది పౌరసత్వం ఇచ్చేదే కాని తీసేది కాదనీ కేంద్రం చెప్పింది.

మరి భయం దేనికి? అస్సాంను చూసి. అక్కడ పౌర పట్టిక కోసం 3 కోట్ల 30 లక్షల మంది దరఖాస్తు పెట్టుకుంటే, 2019 ఆగస్టు 31న వచ్చిన జాబితాలో 19 లక్షల పైచిలుకు మంది పేర్లు లేవు. అలాంటి పట్టికే దేశమంతా వేస్తే? కాగితం లేని మిగతా వాళ్ళకి కొత్త చట్టం ఏదో తలుపు తీస్తుందేమో, కాగితం లేని ముస్లిముకి ఏ తలుపూ ఉండదే అన్నది ఆ భయం.

అస్సాంలో అందరికంటే ఎక్కువ నలిగింది ఆడవాళ్ళే. చదువు లేదు, పొలం పేరున లేదు, చిన్నప్పుడే పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయారు. ఫలానా వారి కూతుర్నని రుజువు చేసుకోవడానికి వాళ్ళ చేతిలో ఉన్నది పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ఒక్క కాగితం. 2017 ఫిబ్రవరిలో గువాహటి హైకోర్టు అది చెల్లదంది. సరిచూసుకుని ఒప్పుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పేసరికి డిసెంబరు వచ్చింది. ఆ తొమ్మిది నెలలూ లక్షల మంది ఇల్లాళ్ళు పుట్టింటి పేరు కూడా తమది కాదేమో అన్నట్టు బతికారు.

ఊళ్ళో పంచాయతీ సంతకానికి ఇంత బరువుంది! అందుకే మన నగరంలో జరిగిన ఒక చిన్న సంగతి నాకు చిన్నదిగా తోచదు.

2020 ఫిబ్రవరి 8న గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశం ఆ చట్టాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. అప్పటి మేయరు బొంతు రామ్మోహన్, మన నాచారం అవతల చర్లపల్లి డివిజన్ నుంచి గెలిచినవారు. మన బోడుప్పల్ అప్పటికి వేరే నగరపాలక సంస్థ; మొదటి ఎన్నికలు జరిగి నెలైనా కాలేదు. విచిత్రమేమంటే, అంతకు అయిదు రోజుల ముందే, మన పిల్లలెందరో ఉద్యోగాలు చేస్తున్న సియాటిల్‌లో కూడా నగర కౌన్సిలు ఇలాంటి తీర్మానమే ఏకగ్రీవంగా చేసింది.

ఇందులో రాజకీయం లేదా అంటే, లేకేం! 2016 ఎన్నికల్లో 150 స్థానాల్లో 99 టీఆర్ఎస్‌కి, 44 మజ్లిస్‌కి వచ్చాయి. ఓట్ల లెక్క ఎవరికి తెలియదు? అయినా మార్చి 7న అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అన్న మాట లెక్కలకి అందదు. తనకే జనన ధ్రువపత్రం లేదు, ఇక తండ్రిది ఎక్కడినుంచి తెచ్చేదన్నారు. వందల ఎకరాల ఇంట పుట్టిన మనిషికే లేకపోతే, గుడిసెలో పుట్టిన మనిషి మాటేమిటి? మార్చి 16న అసెంబ్లీ కూడా తీర్మానించింది: చట్టంలోంచి మతాల పేర్లూ, దేశాల పేర్లూ తీసేయమని.

తీర్మానంతో చట్టం ఆగుతుందా? ఆగదు. నగరపాలక సంస్థకి ఆ అధికారమే లేదు. నియమాలు 2024 మార్చి 11న రానే వచ్చాయి. కాని ఒకటుంది. ఢిల్లీలో ఏ పట్టిక తలపెట్టినా, పుస్తకం పట్టుకుని గుమ్మం ముందుకొచ్చేది ఇక్కడి టీచరమ్మా, ఇక్కడి మునిసిపల్ ఉద్యోగే. మన పుట్టుకలు రాసిపెట్టే ఆఫీసు, ఆ రాతని ఒక మతం వాళ్ళకి ఉరిగా మార్చవద్దని పైవాళ్ళకి బాహాటంగా చెప్పింది. పెట్టె అడుగున పాత రేషను కార్డు వెతుక్కుంటున్న ఇల్లాలికి అదెంత ధైర్యమో, ఒక్కసారైనా ఆఫీసు కిటికీ ముందు చేతిలో సరైన కాగితం లేకుండా నిలబడ్డ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నట్టు, మీ పిల్లల జనన ధ్రువపత్రం ఈసారి బయటికి తీసినప్పుడు చూడండి. పేరు, పుట్టిన తేదీ, ఊరు, అమ్మ పేరు, నాన్న పేరు ఉంటాయి. మతానికి అందులో గడి లేదు.