లెక్కల తరగతికి వాస్తు

ఇంటి గుమ్మం ఏ దిక్కున ఉండాలని బుర్రలు బద్దలుకొట్టుకునేవాళ్ళతో వాదించడం మనకు అలవాటే. బడిలో బల్లల దిక్కు మారిస్తే చదువు మారిపోతుందని నమ్మేవాళ్ళ జోలికి మాత్రం మనం పోము. ఎందుకంటే వాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు! ఇక్కడ జంషెడ్‌పూర్‌లో నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయురాలు మూడో తరగతికి లెక్కలు చెబుతారు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి స్టీలు కంపెనీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం వాళ్ళది. వరసగా ఉన్న బల్లల్ని గుంపులుగా వేస్తే పిల్లలు సొంతంగా లెక్కలు చేస్తారని ఒక శిక్షణలో చెప్పారట. నిజమేనా అని ఆవిడ అడిగారు. దానికి సాక్ష్యం ఏముందో చూద్దామని మొదలుపెడితే కథ రెండువందల ఏళ్ళు వెనక్కి పోయింది.

1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ఈనాటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే కనక అవి మన తెలుగు, కన్నడ వీధి బడులే. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఒక్కో బడిలో పిల్లల్ని నాలుగు తరగతులుగా విడదీసి, చిన్నవాళ్ళను పెద్దపిల్లలకు అప్పగించేవారు. పంతులు అందరి మీదా ఒక కన్నేసి ఉంచేవాడు. పిల్లలు నేల మీద పరిచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఖర్చు తక్కువ, నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ ఇద్దరికీ లాభం అని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. మన ప్రాచీన విద్య గొప్పదనం గురించి ఉపన్యాసాలిచ్చేవారు ఈ ముక్కను తరచుగా వాడుకుంటారు. ధరంపాల్ 1983లో ఈ పత్రాల్ని పుస్తకంగా అచ్చు వేయించాక అది మరీ తేలికైంది.

అదే నివేదికలో ఇంకో ముక్క ఉంది. పిల్లలు బోలెడన్ని పద్యాలు అప్పజెబుతారు కాని వాటి అర్థం చిలకకు తెలిసినంతే వాళ్ళకూ తెలుసు, చాలాచోట్ల పంతులుకూ అంతే అని. 1816లోనే తెలుగు వ్యాకరణం రాసిన మనిషి కనక భాష తెలియక అన్నాడని కొట్టిపారెయ్యలేం. ఇంకొకటి చూడండి. పొద్దున్న అందరికన్నా ముందు బడికి వచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరవాత వరసగా పెరుగుతూ పోవడమే. సున్ననూ సహజ సంఖ్యలనూ నేర్పడానికి ఇంతకన్నా గుర్తుండిపోయే పద్ధతి దొరకదు!

అంతకు చాలా ముందే, 1789లో, మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే మతబోధకుడు పర్యవేక్షకుడయ్యాడు. ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ పెట్టమన్నాడు. అక్కడి ఉపాధ్యాయులు ససేమిరా అన్నారు. దాంతో ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్‌కు అక్షరాల తరగతిని అప్పగించాడు. బెల్ 1797లో లండన్‌లో ప్రచురించిన చిన్న పుస్తకం ద్వారా ‘మద్రాసు పద్ధతి’ ఇంగ్లండు అంతటా పాకింది. పంతులు లేకుండానే పిల్లలు పని చేసుకుంటున్నారు కదా, ఇదే స్వాతంత్ర్యం అనిపిస్తుంది. కాని అక్కడ తగ్గింది పంతులు చాకిరీ మాత్రమే. జవాబు సరైనదో కాదో తెలియాలంటే పిల్లవాడు తనకన్నా పైవాడి మొహం చూడవలసిందే. ఆ పైవాడి వయసు ఎనిమిదేళ్ళయితే ఏమిటి, ఎనభై అయితే ఏమిటి?

జంషెడ్‌పూర్ వర్క్‌షాపుల్లో పనిచేసినవారికి ఈ తేడా విప్పి చెప్పనక్కర్లేదు. రంధ్రం కొలత సరిపోయిందా లేదా అని చూడటానికి గేజి ఉంటుంది. దాని ఒక కొన రంధ్రంలో దూరాలి, రెండో కొన దూరకూడదు. అది చేతిలో ఉన్న కార్మికుడు ఫోర్‌మన్ మొహం చూడనక్కర్లేదు. లెక్కల తరగతిలో ఇటువంటి గేజి ఎక్కడుంది అన్నదే అసలు ప్రశ్న.

ఆ గేజిని పిల్లల చేతికిచ్చిన వ్యక్తి మారియా మాంటిస్సోరి. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. పిలిచినది దివ్యజ్ఞాన సమాజం. వారి మహాత్ములతోనూ అదృశ్య లోకాలతోనూ మనకు పని లేదు, ఆమె కొయ్య సిలిండర్లకూ లేదు. ఒక సిలిండరును తప్పు గుంటలో పెడితే చివరికి ఒకటి పట్టకుండా మిగిలిపోతుంది. తప్పు జరిగిందని చెప్పేది కొయ్య, టీచరు కాదు.

ఖరీదైన కొయ్య సామాను పల్లెటూరి బడికి అందదు. ఆ అడ్డంకిని దాటినవాళ్ళు మన రాయలసీమ పరిసరాల్లోనే ఉన్నారు. రిషివ్యాలీలో పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బర్గ్ 1972లో కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర నీల్ బాగ్ బడి పెట్టాడు. ఆంధ్ర సరిహద్దున తెలుగు వినిపించే ప్రాంతం అది. అక్కడ పరీక్షలూ బహుమతులూ దండనలూ లేవు, అన్ని వయసులవాళ్ళూ కలిసే ఉండేవారు. ఆ తరవాత మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ చుట్టూ ఉన్న చిన్న పల్లెబడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్నే విడగొట్టి కార్డులుగా చేశారు. గోడ మీద నిచ్చెన బొమ్మ, ప్రతి మెట్టుకూ ఒక గుర్తు. పిల్లవాడు తన మెట్టు ఏదో తానే చూసుకుని, అరలోంచి కార్డు తీసుకుని, ఆ పనికి తగిన గుంపులో కూర్చుంటాడు. పది రోజులు కోతలకు పోయి వచ్చినా ఆగినచోటే మొదలుపెడతాడు. ఇక్కడ గుంపులు అందం కోసం వేసినవి కావు. ఒకచోట టీచరు సాయం ఉంటుంది, ఒకచోట తోటివాళ్ళ సాయం, ఇంకోచోట ఎవరి సాయమూ ఉండదు. ఇదే పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో ‘నలి కలి’గా, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మరో రూపంలో మొదలైంది. తమిళనాడులో గోడ కిందిభాగమంతా పిల్లలకు అందే ఎత్తులో నల్లబల్ల చేసి తలా కొంత ఇచ్చారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో బ్రిటిష్ సహాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకానికి ఆరు సూత్రాలుండేవి. పిల్లల పనిని ప్రదర్శిస్తూ తరగతి గదిని ఆసక్తికరంగా అమర్చడం వాటిలో ఒకటి. మంచి సూత్రమే. అయితే చార్టులు వేలాడదీయడం తేలిక, తప్పొప్పులు తేల్చే అధికారాన్ని వదులుకోవడం కష్టం. ఇది మనవాళ్ళ జబ్బు మాత్రమే కాదు. 1975, 1980 మధ్య ఇంగ్లండు ప్రాథమిక బడులను పరిశీలించిన మారిస్ గాల్టన్ బృందానికి కనబడినదేమిటంటే, పిల్లలు గుంపులుగా కూర్చుంటున్నారు, పని మాత్రం ఎవరిది వారే చేసుకుంటున్నారు. 2008లో అమెరికన్ పరిశోధకులు ఇద్దరు అంతదాకా వచ్చిన కొన్ని అధ్యయనాలను సమీక్షించారు. విడివిడిగా చేసే పనికి వరసలే మేలని తేలింది. అంటే ముందు పని ఏమిటో నిర్ణయించుకుని ఆ తరవాతే బల్లలు జరపాలి. అలా కాకపోతే అది వాస్తే.

గేజిలు చేసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. చింతపిక్కలు, గళ్ళ కాగితం, తీసివేతను కూడికతో సరిచూసుకునే అలవాటు, గది మూలలో జవాబుల కార్డుల పెట్టె చాలు. ముందే చూసి రాసేస్తారు కదా అంటారు. కొందరు కొన్నాళ్ళు రాస్తారు. మార్కులు వెయ్యని చోట దొంగతనంగా రాసుకుంటే వచ్చే లాభం ఏమీ లేదు.

ఫలితం ఉందా లేదా అన్నది కూడా మాటల మీద నమ్మనక్కర్లేదు. టీచరు ఎప్పటిలా గంభీరంగా బోర్డు మీద ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసి పాఠం కొనసాగించాలి. అడగకుండా, సైగ చెయ్యకుండా, చెయ్యెత్తి కాదన్నవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి, ఆ తరవాత తప్పు దిద్దాలి. అమరిక మార్చకముందు ఒకసారి, మార్చిన మూడు నెలలకు వేరే ఎక్కంతో ఇంకోసారి చేసి, ఆ రెండు అంకెలూ తేదీలతో సహా రాసిపెట్టుకోవాలి.