ఒడ్డున పడిన సరకు: మోటుపల్లి అభయశాసనము, హన్సా వర్తకులు

నరసన్నపేటకు ఆగ్నేయమున, వంశధార సముద్రమున కలియుచోట, కళింగపట్టణము కలదు. దానికి ఎగువను, నది దక్షిణపుటొడ్డున, శాలిహుండము కొండపై బౌద్ధస్తూపములున్నవి. రేవును విహారమును ఇంత చేరువగా నుండుట యాదృచ్ఛికము కాదని మా తలంపు. అయినను ఈ తీరపు వర్తకచరిత్రను మనవారు తరచుగా రాజుల చరిత్రగనే వ్రాసిరి. ఓడ పగిలినచో వర్తకుని సొత్తు ఎవరి పాలగును? ఈ ప్రశ్నకు తెలుగుదేశమున స్పష్టమైన సమాధానము దక్షిణమున మోటుపల్లిలో లభించుచున్నది.

గణపతిదేవుని అభయశాసనము శా.శ. 1166 (క్రీ.శ. 1244-45) నాటిది. తుపానునకు పగిలి ఒడ్డున పడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరని అది దాపరికము లేక చెప్పుచున్నది. ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రమునకు సాహసించినవారికి, నిర్ణీతసుంకము తప్ప తక్కినదంతయు విడిచితిమని రాజు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకపాలు. దయ, కీర్తి, ధర్మము ఇందులకు హేతువులని శాసనము పలుకును. మేము కాదనము. కాని చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పట్టు, మిరియములు మొదలగువానికి సుంకపు లెక్కలు కట్టినదియు ఆ శాసనమే. భయపడిన ఓడ వేఱొక రేవునకు పోవును. పోయిన ఓడ సుంకము నీయదు.

ఆ శతాబ్దమందే ల్యూబెక్ మొదలగు జర్మను నగరముల వర్తకులు లూనెబుర్గు ఉప్పును, స్కానియా హెర్రింగు చేపలను, నొవ్గొరొదు ఉన్నితోళ్లను, మైనమును ఉత్తరసముద్రములపై నడుపుచుండిరి. అచ్చటి తీరప్రభువులును ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకు తమదే యనుచుండిరి. దీనినుండి విడుదలను వర్తకులు ఒక్కొక్క ప్రభువునే యడిగి వ్రాతమూలముగ సంపాదించుకొనిరి. ఇంగ్లండున 1275 నాటి చట్టము ప్రకారము, పగిలిన ఓడనుండి మనుష్యుడో కుక్కయో పిల్లియో ప్రాణముతో బయటపడినచో, యజమాని ఏడాదిమీద ఒకదినము లోపల వచ్చి తన సొత్తును పొందవచ్చును. పిల్లి సాక్షియగుట మనకు నవ్వు పుట్టించునేమో కాని, సరకు పోయినవానికి కాదు.

ఈ రెండు అభయములకు భేదము కలదు. మన శాసనము రాజిచ్చినది. 1323లో కాకతీయరాజ్యము కూలెను. 1358లో అనవోతారెడ్డి మోటుపల్లి వర్తకులకు మరల అభయము నీయవలసివచ్చెను. హన్సావారి పత్రము నగరపు పెట్టెలో భద్రముగ నుండెను. రాజు మారినను దానిని చూపి యడుగువారుండిరి. 1356లో ల్యూబెక్‌లో నగరముల ప్రతినిధులు కూడి వర్తకవిషయములను తామే నిర్ణయించుకొనసాగిరి. అయినను పత్రము సైన్యము కాదు. 1494లో మాస్కో ప్రభువు మూడవ ఇవాన్ నొవ్గొరొదులోని వారి స్థావరమును మూయించెను.

గణపతిదేవుని యభయము కళింగపట్టణమున చెల్లదు. అది నాడు గంగరాజుల యేలుబడి. హన్సావారిని బాల్టిక్ వర్తకమున వెనుకకు నెట్టిన డచ్చివారే 17వ శతాబ్దమున భీమునిపట్టణమున స్థావరమేర్పఱచి మన బట్టల వర్తకమునకు దిగిరి. హన్సా నగరముల చివరి సమావేశము ల్యూబెక్‌లో 1669లో జరిగెను. భీమునిపట్టణము 1825లో ఆంగ్లేయుల పరమయ్యెను. డచ్చివారి సమాధులు మాత్రము నేటికిని అచ్చటనే యున్నవి.