శాసనాల పట్టికలో ఆదోని ఎక్కడ?

ఎమ్మిగనూరు చేనేతను గురించి రాయదలచి ఆమధ్య శాసనాల పట్టికలు తిరగేశాను. 1938లో మాచాని సోమప్ప పూనికతో అక్కడ చేనేతకారుల సహకార సంఘం ఏర్పడింది. అంతకు ముందటి శతాబ్దాలలో ఈ ప్రాంతపు నేతగాళ్ళు ఎవరికి ఏ పన్ను కట్టారో తెలుసుకోవాలని నా ప్రయత్నం. కర్నూలు జిల్లా శీర్షిక కింద ఎమ్మిగనూరు లేదు, ఆదోనీ లేదు. ఇవి చరిత్ర లేని ఊళ్ళా?

కావు. నేను వెతికిన చోటే తప్పు. వి. రంగాచార్య మద్రాసు రాజధాని శాసనాలన్నిటికీ ఊళ్ళవారీ పట్టిక తయారుచేసి 1919లో మూడు సంపుటాలుగా వెలువరించిన నాటికి ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలులోనూ, మూడవది అనంతపురంలోనూ కలిశాయి. తాలూకాలైతే జిల్లా మారాయి గాని పాత పట్టికలు మారలేదు.

చిక్కు అంతటితో తీరలేదు. బళ్ళారి జిల్లా కన్నడ శాసనాలు 'దక్షిణ భారత శాసనాలు' తొమ్మిదవ సంపుటంలో, 1939లోనూ 1941లోనూ వచ్చిన రెండు భాగాలలో, కన్నడ లిపిలో ఉన్నాయి. ఆదోనిని బిజాపూరు సుల్తానులు, మొగలులు, నిజాములు ఏలారు. సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ అక్కడ నిలిచి ఉంది. అయితే పారశీక, అరబ్బీ శాసనాలకు ప్రభుత్వం వేరే సంచికలు ప్రచురించింది. ఒకే బజారులో పక్కపక్కన బతికిన జనం చరిత్రను భాషలవారీగా వేరువేరు అలమరలలో పెట్టాం. ఆ భాషలన్నీ వచ్చినవాడికి తప్ప ఆ ఊరి చరిత్ర మొత్తంగా కనబడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఈ సంపుటాలలో శాసనాలను రాజవంశాల వరుసలో పేర్చారు. సంపాదకుల పాండిత్యాన్ని నేను శంకించడం లేదు. కాలనిర్ణయానికి రాజు పేరు అవసరమే. కాని ఆ వరుసవల్ల మరుగున పడేదేమిటో చూడండి. సదాశివరాయల కాలంలో, 1540ల దశకంలో, అళియ రామరాయలు బాదామి క్షురకుడు కొండోజు సేవకు మెచ్చి క్షురకుల మీద పన్నులు మాఫీ చేయించాడు. ఆ మాట పలు ఊళ్ళ శాసనాలలో చెక్కారు. పట్టికలో మాత్రం అది 'సదాశివరాయలు' కింద ఉంటుంది. మగ్గాల మీద, గానుగల మీద వేసిన పన్నుల సంగతీ అంతే. శ్రమజీవి రాతి మీద ఉన్నాడు, సూచికలో లేడు.

2023-24 కేంద్ర బడ్జెటులో లక్ష ప్రాచీన శాసనాల డిజిటలీకరణను ప్రకటించారు. మంచి పని, ఆహ్వానిద్దాం. అయితే రాతి మీది అక్షరం తెర మీదికి వచ్చినంత మాత్రాన ప్రజల చేతికి వచ్చినట్లు కాదు.

ఈ విషయంలో పోపుల రికార్డుల అనుభవం మనకు పనికి వస్తుంది. వాటికన్ లేఖాగారాన్ని పదమూడవ లియో 1881లో పరిశోధకులకు తెరిచాడు. తలుపు తెరిచినా లాటిన్ రానివాడికి ఒరిగేదేమిటి? బ్రిటన్, ఐర్లండులకు సంబంధించిన లేఖల సారాంశాలను 1893 నుంచి ఇంగ్లీషులో, మనుషుల పేర్లకూ ఊళ్ళ పేర్లకూ సూచికలు చేర్చి, సంపుటాలుగా వేశారు. ఆ తరవాతే ఒక మారుమూల పల్లె చర్చి గురువు తగాదా సైతం మామూలు చదువరికి అందింది. నేడవి అంతర్జాలంలోనూ దొరుకుతున్నాయి.

మనకు కావలసిందీ అదే. ప్రతి శాసనానికీ తెలుగులో నాలుగు వాక్యాల సారాంశం రావాలి. పాత తాలూకా పేరూ, నేటి మండలం పేరూ పక్కపక్కన ఉండాలి. రాజుల సూచికకు తోడు వృత్తుల, పన్నుల, పంటల, చెరువుల సూచిక తయారు కావాలి. ఇది శాసన పరిశోధకులు ఒక్కరే చేయగల పని కాదు. కన్నడం చదవగల ఆదోని ఉపాధ్యాయుడు, పారశీకం తెలిసిన మౌల్వీ, పలుగు, పడుగు, పేక అన్న మాటలు పుట్టుకతో ఎరిగిన ఎమ్మిగనూరు నేతగాడు కలిసి కూర్చోవాలి. పన్ను పేరుకు అర్థం కొన్నిసార్లు నిఘంటువులో కన్నా మగ్గం గుంటలోనే తొందరగా దొరుకుతుంది.

సీమ జీవితాన్ని కథలుగా, నవలలుగా రాస్తున్న మనం శాసనాలను పండితుల సొత్తుగా వదిలేశాం. పూర్వపు నేతగాడి బతుకును ఊహించి రాయడం సులువే. అతడు కట్టిన పన్ను ఏ రాతి మీద ఉందో వెతికి, ఆ ఊహను సరిచూసుకోవడం మన బాధ్యత.